కంప్యూటర్ వచ్చని నిరూపించుకునే దారి ఏది?

అనంతపురంలో డిగ్రీ ముగించుకొని చిన్న ఉద్యోగం కోసం తిరుగుతున్న వారిలో ఎవరిని అడిగినా, తమ దగ్గర కంప్యూటర్ సర్టిఫికెట్ ఉందనే చెబుతారు. అదే ఊళ్ళో గుమాస్తా పనికి, డేటా ఎంట్రీకి, లెక్కలు రాయడానికి మనుషుల్ని పెట్టుకునే వారిని అడిగితే, ఆ సర్టిఫికెట్లను చూడడం ఎప్పుడో మానేశామంటారు. ఈ రెండు మాటలూ నిజమే కావడం వల్ల మధ్యలో నలిగిపోతున్నది పని నిజంగా నేర్చుకున్న వారు. కంప్యూటర్ వచ్చో రాదో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, పని చేయించి తేల్చే ఒక ఉమ్మడి పరీక్ష మన జిల్లాల్లో ఉండాలని, పదో తరగతి చదివిన ఎవరైనా, ఎక్కడ నేర్చుకున్నవారైనా, దానికి నేరుగా కూర్చోగలగాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ఈ వ్యాసం అందుకోసమే రాస్తున్నాను.

ఇప్పుడున్న పరిస్థితి ఏమిటో ముందు చెప్పుకోవాలి. కమలానగర్ నుంచి సుభాష్ రోడ్డు దాకా నడిస్తే డీసీఏ (డిప్లొమా ఇన్ కంప్యూటర్ అప్లికేషన్స్), పీజీడీసీఏ (డిగ్రీ తరువాత చేసే అదే డిప్లొమా), ట్యాలీ, ఎమ్మెస్ ఆఫీస్ అన్న బోర్డులు వరుసగా కనిపిస్తాయి. వీటిలో శ్రద్ధగా నేర్పేవారు ఉన్నారు. పల్లె నుంచి వచ్చి మౌస్ పట్టుకోవడానికే జంకే పిల్లలను ఓపికగా కూర్చోబెట్టి పని నేర్పిన గురువులను నేను ఎరుగుదును. అయితే డీసీఏ అనే మూడక్షరాలకు అందరికీ ఒకటే పాఠ్యప్రణాళిక లేదు, ఒకటే పరీక్ష లేదు. ఒకచోట ఆరు నెలల చదువు, ఇంకొకచోట రెండు నెలల చదువు అదే పేరు పెట్టుకుంటాయి. నేర్పినవారే పరీక్ష పెడతారు, వారే దిద్దుతారు, వారే ముద్ర వేస్తారు. తమ దగ్గర ఫీజు కట్టిన విద్యార్థి తప్పాడని చెప్పడం వల్ల ఏ ఇన్‌స్టిట్యూట్‌కూ లాభం లేదు కాబట్టి, తప్పినవారు ఎక్కడా కనిపించరు. అందరూ ఫస్ట్ క్లాసే. నాతో చదివిన ఒక అమ్మాయి సర్టిఫికెట్ కోసం ఒకచోటికి వెళ్తే, ఏమేం వచ్చునని ఎవరూ అడగలేదు, ఏ నెల నుంచి ఏ నెల దాకా చదివినట్టు రాయాలని మాత్రం అడిగారట. ఆమె డబ్బు కట్టకుండా తిరిగి వచ్చింది. కట్టినవారి కాగితానికీ, నిజంగా ఆరు నెలలు కష్టపడిన వారి కాగితానికీ పైకి తేడా ఏమీ ఉండదు.

నమ్మదగిన రుజువు లేని చోట ఆ ఖాళీని సిఫార్సు నింపుతుంది. తెలిసినవారి పిల్లవాడు, ఫలానా సారు చెప్పిన అమ్మాయి, ఇంగ్లీషులో నాలుగు మాటలు గట్టిగా మాట్లాడగలిగినవాడు లోపలికి వెళ్తారు. కుందుర్పి నుంచో, బెళుగుప్ప నుంచో పొద్దున్నే బస్సెక్కి వచ్చే అమ్మాయికి పట్నంలో ఎవరూ తెలిసినవారు ఉండరు. ఆమె చేతిలో పని ఉంటుంది, ఆ పని చూపించే అవకాశం మాత్రం ఉండదు. ఉద్యోగానికి పిలిచిన తరువాత పని చేయించి చూసుకుంటారు కదా, సర్టిఫికెట్‌తో పనేమిటని కొందరు అంటారు. పిలుపు రావడమే అసలు గడప. అక్కడి దాకా ఎవరి సాయమూ లేకుండా వెళ్ళడానికే పేదవారికి నమ్మకమైన కాగితం అవసరం. నాన్నకు పలుకుబడి ఉన్నవారికి ఆ అవసరం ఎన్నడూ రాదు.

ఇన్‌స్టిట్యూట్లను మాత్రమే తప్పుపట్టి కూర్చుంటే న్యాయం కాదు. నేను చదివిన డిగ్రీ కళాశాలలో ఐసీటీ (సమాచార, ప్రసార సాంకేతికత) పేరుతో ఒక పేపర్ ఉండేది. కంప్యూటర్ తరాలు ఎన్ని, ఇన్‌పుట్ పరికరాలు ఏవి, ర్యామ్‌కూ రోమ్‌కూ భేదమేమిటి అన్న ప్రశ్నలకు మేము తెల్లకాగితం మీద పెన్నుతో జవాబులు రాశాము. స్కేలుతో గీతలు కొట్టి సీపీయూ బొమ్మ గీశాము. ల్యాబు గదికి తాళం ఉండేది. గైడు బట్టీపట్టిన వారికి మంచి మార్కులు వచ్చాయి, ఫైలును ఒక ఫోల్డర్ నుంచి మరో ఫోల్డర్‌లోకి మార్చడం రాని వారికీ వచ్చాయి. ఆ మార్కుల జాబితాను ఏ యజమానికి చూపినా దాని నుంచి అతనికి తెలిసేది ఏమీ లేదు.

కేంద్ర ప్రభుత్వం వైపు చూస్తే పరిస్థితి కొంత మెరుగు. నీలిట్ సంస్థ, అంటే పూర్వం డోయెక్ అని పిలిచిన సంస్థ, సీసీసీ (కోర్స్ ఆన్ కంప్యూటర్ కాన్సెప్ట్స్) అనే పరీక్ష నిర్వహిస్తున్నది. దీనికి 80 గంటల పాఠ్యప్రణాళిక ఉంది. ఇన్‌స్టిట్యూట్‌లో చేరకుండా నేరుగా పరీక్ష రాసే వీలు కూడా ఉంది. నేర్పేవారు ఒకరు, పరీక్షించేవారు మరొకరు అనే సూత్రం ఇక్కడ పాటించారు, అది గౌరవించవలసిన విషయం. అయితే పరీక్ష స్వరూపం చూడండి. 90 నిమిషాలు, 100 ప్రశ్నలు, అన్నీ సరైన జవాబును గుర్తించేవో, తప్పొప్పులు చెప్పేవో. 50 శాతం వస్తే ఉత్తీర్ణత. పరీక్ష కంప్యూటర్ మీదే జరుగుతుంది, కానీ అభ్యర్థి చేసే పని మౌస్‌తో గడి మీద నొక్కడమే. ఒక్క వాక్యం టైపు చేయనక్కరలేదు, ఒక్క పట్టిక కట్టనక్కరలేదు. పేజీ సెటప్ ఏ మెనూలో ఉంటుందో చెప్పగలిగినంత మాత్రాన రెండు పేజీల పట్టికలో శీర్షిక వరుస రెండో పేజీ మీద కూడా వచ్చేలా చేయగలరని అనుకోవడం పొరపాటు. అదీగాక ఆ పాఠ్యప్రణాళిక లిబ్రేఆఫీస్ మీద నడుస్తుంది. ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం మంచిదే. పని వెనుక ఉన్న పద్ధతి అర్థమైన వారికి ఏ ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అయినా ఒకటే. మెనూల పేర్లు బట్టీపట్టిన వారికి మాత్రం సాఫ్ట్‌వేర్ మారితే చదివిందంతా పోతుంది. ఎవరిది ఏ రకం చదువో ఈ పరీక్ష వేరు చేయలేదు.

2017లో గ్రామీణ కుటుంబాల కోసం మొదలుపెట్టి, 2024లో ముగించిన పీఎంజీదిశ అనే కేంద్ర పథకం మరో సంగతి. 14 నుంచి 60 ఏళ్ళ వారిలో ఇంటికి ఒకరికి, 20 గంటల శిక్షణతో డిజిటల్ పరికరాల వాడకం నేర్పాలన్నది దాని ఉద్దేశం. ఉద్యోగానికి రుజువుగా నిలవడం దాని పని కాదు కనుక దాన్ని ఇక్కడ తప్పుపట్టను. ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్ ఉంది, అందులో ప్రాక్టికల్స్ ఉన్నాయి, అది గట్టి చదువే. అయితే దానికి ఏడాది పాటు రోజూ తరగతికి వెళ్ళాలి. పగలు దుకాణంలో పనిచేస్తూ, రాత్రి తన అన్న నడిపే నెట్ సెంటర్‌లో కూర్చొని పని నేర్చుకున్న కుర్రవాడు, తనకు ఇప్పటికే వచ్చిన దాన్ని నిరూపించుకోవడానికి మరో ఏడాది ఖర్చుపెట్టలేడు. నేర్చుకునే దారులు మనకు కొన్ని ఉన్నాయి. నేర్చుకున్నదాన్ని చూపించుకునే దారి మాత్రం లేదు.

పని చేయించి చూడడం అంటే నా ఉద్దేశం ఏమిటో ఒక ఉదాహరణతో వివరిస్తాను. జిల్లాలో ఒక చీనీ (బత్తాయి) రైతుల ఉత్పత్తిదారుల సంఘం కార్యాలయంలో డేటా ఎంట్రీ పనికి నేను వెళ్ళినప్పుడు, నాతోపాటు మరికొందరు వచ్చారు. అందరి చేతుల్లోనూ ప్లాస్టిక్ ఫోల్డర్లు ఉన్నాయి. మేనేజర్ నా ఫోల్డర్ తెరవలేదు. “కాగితాలు ఆ పక్కకు పెట్టమ్మా, ముందు ఈ లిస్టు కొట్టి సూపిచ్చు” అన్నాడు. చేతిరాతతో ఉన్న జాబితా అది. రైతు పేరు, తండ్రి పేరు, ఊరు, సర్వే నంబరు, విస్తీర్ణం, ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా నంబరు. పైకి చూస్తే టైపింగ్ వచ్చిన ఎవరైనా చేసే పని.

రోజు ముందు, నెల తరువాత వచ్చే మన తేదీల పద్ధతి పెట్టుకున్న ఎక్సెల్‌లో సర్వే నంబరు 12-3 అని కొట్టి ఎంటర్ నొక్కగానే అది మార్చి 12వ తేదీ అయి కూర్చుంటుంది. 5-2 అని కొడితే ఫిబ్రవరి 5 అవుతుంది. ఆధార్ నంబరులో 12 అంకెలు ఉంటాయి కాబట్టి మామూలు గడిలో అది అంకెల వరుసగా కనిపించదు, మధ్యలో చుక్క, చివర ‘ఇ ప్లస్ 11’తో ఏదో శాస్త్రీయ సంఖ్యలా మారిపోతుంది. ఖాతా నంబరు సున్నాతో మొదలైతే ఆ సున్నా మాయమవుతుంది. 16 అంకెల ఖాతా నంబర్లు ఇచ్చే బ్యాంకులు ఉన్నాయి. ఎక్సెల్ 15 అంకెల వరకే విలువను నిలుపుకుంటుంది కాబట్టి పదహారో అంకె సున్నాగా మారుతుంది, మారినట్టు ఏ హెచ్చరికా రాదు. ఆ జాబితాతో డబ్బు పంపితే ఆ రైతుకు చేరదు. పని తెలిసిన మనిషి టైపు చేయడానికి ముందే ఆ నిలువు వరుసలను ఎంచుకొని వాటిని టెక్స్ట్‌గా మారుస్తాడు. అది అర నిమిషం పని. ఆ అర నిమిషం పని తెలుసా లేదా అన్నదే ఆ మనిషికి కంప్యూటర్ వచ్చా రాదా అన్న ప్రశ్నకు జవాబు.

విస్తీర్ణం మొత్తం కూడా అలాంటిదే. మనకు నూరు సెంట్లు ఒక ఎకరా కాబట్టి 2 ఎకరాల 45 సెంట్లను 2.45 అని రాసుకుంటే కూడిక సరిపోతుంది. గుంటల లెక్క నడిచే ప్రాంతాల వారికి ఈ సౌకర్యం లేదు, నలభై గుంటలకు ఒక ఎకరా కదా. ఆ రోజు ఒక అబ్బాయి జేబులోంచి ఫోన్ తీసి, క్యాలిక్యులేటర్‌లో అన్నీ కూడి, వచ్చిన మొత్తాన్ని చివరి గడిలో టైపు చేశాడు. మొత్తం సరిగ్గానే ఉంది. తరువాత మేనేజర్ ఒక రైతు విస్తీర్ణాన్ని మార్చమని చెప్పాడు. మార్చితే కింద మొత్తం మారలేదు. ఆ అబ్బాయి దగ్గర పీజీడీసీఏ ఉంది. అతను తెలివితక్కువవాడు కాడు, సోమరీ కాడు. అతను డబ్బు కట్టి చదివిన చోట గడిలో సూత్రం (ఫార్ములా) ఎందుకు రాయాలో ఎవరూ చెప్పలేదు, చెప్పలేదని ఏ పరీక్షా బయటపెట్టలేదు. మోసపోయింది అతనే. నాకు ఇవి తెలియడానికి కారణం మా పెద్దమ్మ కొడుకు నెట్ సెంటర్. రైతుల దరఖాస్తులు, డ్వాక్రా సంఘాల జాబితాలు అక్కడికి రోజూ వచ్చేవి. తప్పు కొట్టిన జాబితా మండల ఆఫీసు నుంచి తిరిగి వస్తే అన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకొని ఎక్కడ పోయిందో చూపించేవాడు. ఆ చదువుకు సర్టిఫికెట్ లేదు. ఉండవలసిన అవసరం మాత్రం ఉంది.

మన పెద్దల కాలంలో ఇలాంటి రుజువు ఉండేది. సాంకేతిక విద్యా శిక్షణ మండలి నిర్వహించే టైప్‌రైటింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు నాలుగు ఊళ్ళ అవతల కూడా విలువ ఉండేది. ఇంగ్లీషులో లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాలు. వేగం చూసే పేపర్ ఒకటి, ఉత్తరం, పట్టిక, కొట్టివేతలతో నిండిన రాతప్రతిని శుభ్రంగా టైపు చేయడం మరొకటి. టైపు మిషన్ చరిత్ర ఏమిటని ఆ పరీక్షలో ఎవరూ అడగలేదు. మిషన్ ముందు కూర్చోబెట్టి కొట్టించారు, వచ్చిన కాగితాన్ని మరో ఊళ్ళో ఉన్న పరీక్షకులు దిద్దారు. నేర్పిన ఇన్‌స్టిట్యూట్‌కు మార్కుల మీద అధికారం లేదు. అందుకే ఫలానా అబ్బాయి హయ్యర్ పాసయ్యాడంటే ఆఫీసుల్లో ఆ మాట చెల్లింది. ఆ నమ్మకాన్ని మనం కంప్యూటర్ కాలంలోకి తెచ్చుకోలేకపోయాము. యంత్రం మారింది కాబట్టి పరీక్ష సూత్రం కూడా మారాలని ఎవరో అనుకున్నట్టున్నారు.

తెలుగు టైపింగ్ గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర పని అంటే సగం తెలుగులోనే ఉంటుంది. కరపత్రాలు, పెళ్ళిపత్రికలు కొట్టే డీటీపీ షాపుల్లో ‘అను’ అనే పేరున్న ఫాంట్లు నడుస్తాయి. ప్రభుత్వ ఆఫీసులకు, వెబ్‌సైట్లకు, ఫోన్లకు యూనికోడ్ కావాలి, అంటే ఏ యంత్రంలో తెరిచినా తెలుగు తెలుగుగానే కనిపించే పద్ధతి. అనులో కొట్టిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెదిరిన ఒత్తులను సరిచేయడం ఈ ఊళ్ళో రోజూ జరిగే పని. ఏ సర్టిఫికెట్ పరీక్షలోనూ దాని ఊసు నాకు కనబడలేదు. వేగం కొలిచే పద్ధతి కూడా ఆలోచించవలసినదే. భారతీయ భాషలకు ప్రమాణంగా పెట్టిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు మీద ‘రాష్ట్రం’ అని కొట్టడానికి ఎనిమిది మీటలు నొక్కాలి, వాటిలో ‘ష’ కోసం షిఫ్ట్ అదనం. ర, దీర్ఘం, ష, పొల్లు, ట, పొల్లు, మళ్ళీ ర, సున్నా. కంటికి కనిపించేవి రెండు అక్షరాలే. ఇంగ్లీషులో ఐదు మీటలను ఒక పదంగా లెక్కించే అలవాటు ఉంది. తెలుగుకు పదాల లెక్క పెట్టకుండా మీటల లెక్క పెడితేనే అభ్యర్థికి న్యాయం జరుగుతుంది. అభ్యర్థి ఇన్‌స్క్రిప్ట్‌లో కొట్టినా, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు రప్పించే పద్ధతిలో కొట్టినా, చివరకు వచ్చిన యూనికోడ్ పాఠాన్నే దిద్దాలి.

ఇవన్నీ ప్రభుత్వానికి చేతకాని పనులు కావు. ఏపీపీఎస్సీ గ్రూప్-2 లాంటి నియామకాల్లో కంప్యూటర్ ప్రొఫిషియెన్సీ టెస్ట్ పెడుతుంది. అందులో వర్డ్‌లో ఉత్తరమో పేరానో టైపు చేయించడం, ఎక్సెల్‌లో పట్టిక, గ్రాఫు, పవర్‌పాయింట్‌లో స్లైడ్లు, డేటాబేసు, ఫైలు జతచేసి ఈమెయిల్ పంపడం వంటివి ఉంటాయి. ఇది అర్హత పరీక్ష మాత్రమే, దీని మార్కులు మెరిట్‌లో కలవవు. అంటే, పని చేయించి చూసే పరీక్ష ఎలా పెట్టాలో, ఎలా దిద్దాలో రాష్ట్రానికి తెలుసు. అయితే ఆ తలుపు ప్రిలిమ్స్, మెయిన్స్ దాటిన కొద్దిమందికే తెరుచుకుంటుంది. లక్షల మంది మొదటి వడపోతలోనే ఆగిపోతారు. వారిలో ఎందరికి కంప్యూటర్ పని బాగా వచ్చో ఎవరికీ తెలియకుండానే పోతుంది. అదే రకం పరీక్షను ఏ నోటిఫికేషన్‌తోనూ ముడిపెట్టకుండా, ఏటా నియమిత తేదీల్లో, అందరికీ తెరిచి ఉంచండి అన్నదే నా విన్నపం. ఒకసారి పాసైన వారికి ప్రభుత్వ నియామకాల్లో మళ్ళీ ఆ పరీక్ష పెట్టే అవసరం కూడా తగ్గుతుంది.

2019లో గ్రామ, వార్డు సచివాలయాలు వచ్చినప్పుడు లక్షకు పైగా ఉద్యోగాలకు నియామకాలు జరిగాయి. సచివాలయంలో దాదాపు ప్రతి పనీ కంప్యూటర్ మీదే జరుగుతుంది. ఆ నియామకాల రాతపరీక్ష మాత్రం ఓఎంఆర్ పత్రం మీద వృత్తాలు నింపేది. ఆ ఉద్యోగులు తరువాత పనిలో పడి నేర్చుకున్నారు, చాలామంది చక్కగా నేర్చుకున్నారు. ఆ నేర్చుకునే కాలంలో జరిగిన తప్పుల బరువును మోసింది మాత్రం ఎండలో వరుసలో నిలబడిన ముసలివారు, పేరులో ఒక అక్షరం తప్పు పడినందుకు పెన్షన్ కోసం మళ్ళీ మళ్ళీ తిరిగినవారు.

నేను కోరే పరీక్ష మీద వచ్చే అభ్యంతరాలను తేలికగా తీసేయను. మొదటిది, ప్రాక్టికల్ పరీక్ష అంటే పక్కన నిలబడిన పరీక్షకుడి దయ అని, అక్కడ డబ్బు చేతులు మారుతుందని భయం. ఆ భయానికి ఆధారం ఉంది. ప్రాక్టికల్స్‌కు పైనుంచి వచ్చే సారుకు ‘ఖర్చులు’ వసూలు చేసే అలవాటును మనలో చాలామంది చూశాము. అందుకే దిద్దే పని గదిలో జరగకూడదు. అభ్యర్థి చేసిన ఫైలు ఉంటుంది కదా, అదే జవాబుపత్రం. దాన్ని పేరు లేకుండా, నంబరుతో, వేరే జిల్లాకు పంపవచ్చు. చివరి గడిలో సూత్రం ఉందా, టైపు చేసిన అంకె ఉందా అన్నది సాఫ్ట్‌వేర్ కూడా చెప్పగలదు. ఫలితం మీద అనుమానం వస్తే ఫైలు తెరిచి మళ్ళీ చూడవచ్చు. నోటి పరీక్షకు లేని ఈ సౌలభ్యం దీనికి ఉంది. డ్రైవింగ్ లైసెన్సుకు ఎనిమిది అంకె ఆకారంలో బండి నడిపి చూపించమంటారు, అక్కడ కూడా అవకతవకలు జరుగుతాయి, అంతమాత్రాన రోడ్డు గుర్తుల ప్రశ్నలకు జవాబు చెబితే చాలు లైసెన్సు ఇచ్చేద్దామని ఎవరూ అనరు.

రెండో అభ్యంతరం ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్నది. ఏఐని అడిగితే సూత్రం రాసిపెడుతుంది, ఉత్తరం రాసిపెడుతుంది, ఇంకా ఈ టైపింగులు, పట్టికలు ఎందుకని. నేను కూడా ఏఐని వాడతాను. అది ఇచ్చిన సూత్రం రెండో వరుస నుంచి మొదలైందా, మొదటి వరుస నుంచా, పదహారో అంకె పోయిందా ఉందా అని చూసుకోవలసింది మనిషే. చూసుకోవడం రాని మనిషికి ఏఐ సాయపడితే తప్పు మరింత వేగంగా, మరింత అందంగా తయారవుతుంది. పరీక్షలో ఒక భాగంగా, తప్పులున్న పట్టికను ఇచ్చి ఆ తప్పులు పట్టమని అడగాలని నేను అనేది ఇందుకే.

పిల్లల నెత్తిన మరో పరీక్ష, మరో ఫీజు అన్న బాధ మూడోది. ఇప్పుడు డీసీఏ పేరుతో కడుతున్న వేల రూపాయల ముందు సీసీసీ రుసుము రూ.500, దాని మీద జీఎస్టీ. అంతకు మించని రుసుముతో నేను చెప్పే పరీక్ష జరగాలి, ప్రభుత్వ పాఠశాలల్లో చదివిన వారికి మొదటిసారి ఉచితంగా ఉండాలి. నేర్చుకోవడానికి ఇన్‌స్టిట్యూట్‌కు వెళ్ళదలచినవారు వెళ్తారు. అప్పుడు ఎవరు బాగా నేర్పుతున్నారో పరీక్ష ఫలితమే చెబుతుంది. నిజాయితీగా నేర్పే గురువులకు దీనివల్ల మేలు తప్ప కీడు లేదు.

అసలు కష్టం అభ్యాసానికి కంప్యూటర్ దొరకడం. మా తరంలో అందరి చేతిలోనూ ఫోన్ ఉంది. ఫోన్‌పే, వాట్సాప్, యూట్యూబ్ ఎవరికీ నేర్పనక్కరలేదు. కీబోర్డు ఉన్న యంత్రం మాత్రం ఇళ్ళల్లో లేదు. నెట్ సెంటర్‌లో గంటకు డబ్బు కట్టాలి, అక్కడ ఆడపిల్ల రోజూ గంటల తరబడి కూర్చుంటే ఇంట్లో ఒప్పుకోరు. ప్రభుత్వ కళాశాలల ల్యాబులు సాయంత్రం నాలుగున్నరకు మూతపడతాయి, సెలవుల్లో తెరవరు. ఆ గదులను సాయంత్రాలు, ఆదివారాలు ఆ ఊరి యువతకు తెరిచి, ఒక బాధ్యుడిని పెడితే కొత్త భవనాలు కట్టనక్కరలేదు. జిల్లా గ్రంథాలయంలో పోటీ పరీక్షల పుస్తకాలు చదివే పిల్లలతో కుర్చీలు నిండి ఉంటాయి. అక్కడ పది కంప్యూటర్లు పెట్టినా అవి ఖాళీగా ఉండవు.

ప్రజలకు కంప్యూటర్ ఎంత వచ్చో తెలుసుకోవడానికి జాతీయ నమూనా సర్వే 78వ రౌండులో అడిగిన ప్రశ్నలు సరైన దిశలో ఉన్నాయి. ఫైలును నకలు తీయగలరా, ఫైలు జతచేసి ఈమెయిల్ పంపగలరా, స్ప్రెడ్‌షీట్‌లో లెక్కల సూత్రాలు వాడగలరా, కొత్త పరికరాన్ని కలపగలరా అని అడిగారు. ఏం తెలుసు అని కాక ఏం చేయగలరు అని అడిగారు. సర్వే కాబట్టి వచ్చునని నోటితో చెబితే రాసుకున్నారు. పరీక్షలో అదే ప్రశ్నను చేతితో చేయించాలి, అంతే తేడా.

నేను నా వంతుగా ఒక నమూనా ప్రశ్నపత్రం తయారుచేసి, మా వీధిలో ఉద్యోగాల కోసం చదువుతున్న పిల్లలతో చేయించి చూస్తున్నాను. తహసీల్దారుకు తెలుగులో ఒక అర్జీ, యూనికోడ్‌లో. పాతిక మంది రైతుల జాబితా, సర్వే నంబర్లు, ఖాతా నంబర్లు చెడకుండా, ఊరివారీగా విస్తీర్ణం మొత్తంతో. ఫోన్‌తో తీసిన నాలుగు కాగితాల ఫొటోలను వరుసలో పెట్టి, 200 కేబీ మించని ఒక్క పీడీఎఫ్‌గా మార్చడం, ఎందుకంటే ఆన్‌లైన్ దరఖాస్తుల్లో చాలామంది ఆగిపోయేది అక్కడే. ఆ పీడీఎఫ్‌ను సరైన పేరుతో భద్రపరచి, విషయం రాసి, ఈమెయిల్‌కు జతచేసి పంపడం. చివరగా, వేరొకరు తయారుచేసిన పట్టికలో తప్పులు పట్టి, ఎక్కడెక్కడ సరిచేశారో రెండు వాక్యాల్లో రాయడం. అన్నింటికీ కలిపి గంటన్నర. పాసైన వారి ఫలితం డిజిలాకర్‌లో ఉంటే, ఉరవకొండలో అయినా బెంగళూరులో అయినా ఉద్యోగం ఇచ్చేవారు క్షణంలో సరిచూసుకోగలరు. పీడీఎఫ్ ప్రశ్నకు సమయం చాలడం లేదని పిల్లలు అంటున్నారు, అర్జీకి ఇచ్చిన సమయంలో కొంత దానికి మార్చాలా అని ఆలోచిస్తున్నాను. కంప్యూటర్ నేర్పే అధ్యాపకులు, ఆఫీసుల్లో ఇలాంటి జాబితాలతో రోజూ కుస్తీపట్టేవారు దీన్ని చూసి, ఏ ప్రశ్న ఉండాలో, ఏది తీసేయాలో, వేగానికి ఎన్ని మార్కులు, తప్పు లేకపోవడానికి ఎన్ని మార్కులు ఇవ్వాలో చెబితే, దాన్ని సరిచేసి జిల్లా యంత్రాంగానికీ, సాంకేతిక విద్యా శిక్షణ మండలికీ పంపుతాను.